గోడ మీద జలపాతం, గోడ వెనక మా కాలువ: అధికారులకు, తోటి డ్రాయింగు మాష్టార్లకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మా పట్టణ పురపాలక అధికారులకు, కాలువ గట్టు బాధ్యత చూసే ఇంజనీర్లకు, పాఠశాల విద్యాశాఖ వారికి, డ్రాయింగు చెప్పిన, చెబుతున్న నా తోటి మాష్టార్లకు, టీచరమ్మలకు,

నమస్కారం.

నేను గోదావరి డెల్టాలో ఒక చిన్న పట్టణంలో ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూలు డ్రాయింగు మాష్టారుగా పనిచేసి రిటైరైన మనిషిని. మా కాలువ గట్టు మీద చెట్లు కొట్టేసి గోడ కట్టిన విషయం మీద ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చాను. రెండు సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్సులో, ఒకటి నేరుగా ఆఫీసులో. మూడింటికీ రశీదులున్నాయి. మొదటి రెండింటికి జవాబే లేదు. మూడోదానికి మాత్రం ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడినది" అని. ఏం పరిష్కరించారో చూద్దామని సైకిలేసుకుని వెళ్ళాను. గోడకి ఇంకో పూత రంగు వేశారు. అందుకే ఈసారి లేఖ అందరూ చదివేలా రాస్తున్నాను.

సంగతి ఇది. మా ఊళ్ళో లాకుల దగ్గర్నుంచి పాత వంతెన దాకా కాలువ గట్టు మీద ఇరవై మూడు నిద్రగన్నేరు చెట్లు, రెండు రావిచెట్లు, ఒక నేరేడు ఉండేవి. 2023 వేసవిలో రోడ్డు వెడల్పు చేయడానికని అన్నిటినీ కొట్టేశారు. రోడ్డు వెడల్పు కావాలి, కాదనను. ధాన్యం లారీ, బస్సు ఎదురెదురు పడితే అరగంట ఎవరూ కదలలేని రోడ్డు అది. కానీ ఆ చెట్లలో పదకొండు రోడ్డుకి అసలు అడ్డం కానే కావు, గట్టు దిగువన నీటివైపు ఉండేవి. అవీ పోయాయి. తర్వాత కాలువ వైపు ఐదున్నర అడుగుల గోడ లేచింది. గోడ మీద బొమ్మలు వేయించారు. మంచుకొండలు, వాటి మీంచి జలపాతం, కింద నీలంగా ఏరు, ఏటి ఒడ్డున జింకలు, హంసలు, ఒక పెంకుటిల్లు, పక్కన కొబ్బరిచెట్టు. మంచుకొండ కింద కొబ్బరిచెట్టు ఎలా బతుకుతుందో నాకు తెలీదు. పైన పెద్ద అక్షరాలతో పచ్చదనాన్ని కాపాడమని నినాదం.

ఆ గోడకి అవతల నిజం కాలువ ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా అల్లుకున్న కాలువల్లో మాదీ ఒకటి. మా తాతగారి రోజుల్లో ఇందులో పడవల మీద పెళ్ళివారు వచ్చేవారట. జూన్‌లో నీళ్ళు వదిలితే మొదటి రెండు రోజులూ చెత్తా నురుగూ కొట్టుకొస్తాయి. జులై, ఆగస్టుల్లో పైన వరదొస్తే ఎర్రమట్టి రంగుకి తిరుగుతుంది. కార్తీకం నాటికి తేరుకుని ఆకుపచ్చగా, మెల్లగా నడుస్తుంది. వేసవిలో కాలువ కట్టేశాక అడుగు బురద నెర్రెలిచ్చి, పిల్లలు అందులో క్రికెట్ ఆడతారు. ముప్పై ఏళ్ళుగా దీని బొమ్మలు వేస్తున్నాను. నా పెట్టెలో బర్న్ట్ సియన్నా, ఎల్లో ఓకర్ అనే మట్టిరంగుల ట్యూబులు ఎన్ని అయిపోయాయో లెక్కలేదు. నీలం ట్యూబు మాత్రం ఏళ్ళకేళ్ళు అలాగే ఉండి గట్టిపడిపోయేది. మా నీటిలో నీలం ఉండేది తక్కువ, అదీ ఆకాశం నుంచి అప్పు తెచ్చుకున్నదే.

"బొమ్మలు రికార్డు కావు మాష్టారూ"

రెండో అర్జీ ఇచ్చిన రోజున ఒక అధికారి ఓపిగ్గానే మాట్లాడారు. కూర్చోమన్నారు, టీ ఇప్పించారు. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న. "నీటివైపు పదకొండు చెట్లున్నాయంటున్నారు, ఉన్నట్టు రికార్డేదీ?" గట్టు ఒక శాఖది, రోడ్డు ఇంకో శాఖది, గోడ మూడో శాఖది. ఏ శాఖ పుస్తకంలోనూ ఆ చెట్ల లెక్క లేదట. కొట్టడానికి రాసుకున్న కాగితంలో "పొదలు, అడ్డంకులు" అని ఉందట. నలుగురు చేతులు పట్టుకున్నా చుట్టుకి అందని మాను పొద ఎలా అయిందో ఆయనా చెప్పలేకపోయారు.

మర్నాడు నా స్కెచ్ పుస్తకాలు పట్టుకెళ్ళాను. 1992 నుంచి ఉన్నాయి. ప్రతి బొమ్మ కింద తేదీ, ఎక్కడ కూర్చుని వేశానో రాసుకోవడం నాకు మొదట్నుంచీ అలవాటు. లాకుల గుమ్మటం నుంచి ఎన్నో చెట్టు ఎటు వంగిందో, 1996 తుపానుకి ఏ కొమ్మ విరిగిందో అన్నీ ఉన్నాయి. ఆయన పేజీలు తిప్పి, "బాగున్నాయి, బొమ్మలు రికార్డు కావు మాష్టారూ" అన్నారు. బయట వాన పడుతోంది. ఇంటికొచ్చేసరికి రెండు పుస్తకాలు తడిసి రంగులు కలిసిపోయాయి.

అయ్యా, బొమ్మలు రికార్డు అవుతాయి. ఇది నా సొంత పైత్యం కాదు.

వెనిస్ నగరంలో 18వ శతాబ్దంలో కనలెత్తో అనే చిత్రకారుడు కాలువల బొమ్మలు వేశాడు. భవనాల గోడల మీద నీటి నాచు ఎంత ఎత్తుకి పాకిందో అది కూడా ఉన్నదున్నట్టు వేశాడు. ఇటలీ శాస్త్రవేత్తలు ఆ నాచు గీతనీ ఇప్పటి గీతనీ పోల్చి, అప్పటికీ ఇప్పటికీ నీరు రెండడుగుల దాకా పైకొచ్చిందని లెక్కకట్టారు. ఆ కాలానికి ఇంకో కొలత లేదు, బొమ్మే కొలత. అమెరికాలో ఎల్లోస్టోన్ లోయకి 1871లో వెళ్ళిన సర్వే బృందంలో థామస్ మోరన్ అనే చిత్రకారుడున్నాడు. అతని వాటర్ కలర్లు, అదే బృందంలోని జాక్సన్ తీసిన ఫోటోలు చట్టసభ వాళ్ళు చూశారు. మరుసటేడు మార్చిలో ఆ ప్రాంతాన్ని జాతీయ పార్కు చేస్తూ చట్టం వచ్చింది. ఓటేసిన వాళ్ళలో ఎక్కువమంది ఆ లోయని కళ్ళతో చూసినవాళ్ళు కాదు.

అంత దూరం ఎందుకనుకుంటే కృష్ణ ఒడ్డుకి రండి. 1816 ప్రాంతంలో కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ మనుషులు అమరావతి స్తూపం శిల్పాల్ని కాగితం మీదికి ఎక్కించారు. ఆ రాళ్ళలో కొన్ని తర్వాత కనిపించకుండా పోయాయి. వాటి మీద ఏం చెక్కి ఉందో ఇవాళ మనకి తెలుస్తోందంటే, ఆ గీతల వల్లే. ఆ గీతల్ని ఎవరైనా "బొమ్మలు, రికార్డు కాదు" అని చెత్తబుట్టలో పడేసి ఉంటే?

మన గోదావరికీ ఇలాంటి చరిత్ర ఉంది. వందేళ్ళ కిందట రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. ఆయన కనిపెట్టి, బొంబాయిలో చిత్రకళ నేర్పే జేజే స్కూలుకి వెళ్ళేలా ప్రోత్సహించిన కుర్రాడు దామెర్ల రామారావు. బొంబాయి నుంచి తిరిగొచ్చి గోదావరి దృశ్యాలూ తూర్పు కనుమల దృశ్యాలూ వేశాడు, రాజమండ్రిలోనే చిత్రకళ నేర్పడం మొదలుపెట్టాడు. 1925లో మశూచితో పోయేనాటికి ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆయన పేరుతో అక్కడ గ్యాలరీ ఉంది. నేను పిల్లల్ని ఏడాదికోసారి తీసుకెళ్ళేవాణ్ణి. ఆ బొమ్మల ముందు నిలబడితే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న రంగుల గురించి కాదు, "ఇది ఎక్కడ మాష్టారూ?" అని. చోటు గుర్తుపట్టాలని వాళ్ళకి తహతహ. మంచుకొండల గోడ దగ్గర ఆ ప్రశ్న ఎవరూ అడగరు, అది ఎక్కడిదీ కాదు కాబట్టి.

ఇంకో మాట కూడా ఆఫీసులో విన్నాను. నిద్రగన్నేరు మన దేశపు చెట్టు కాదు కదా, పోతే పోయింది అని. నిజమే, దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చింది. మిరపకాయ కూడా అటునుంచే వచ్చింది. గుంటూరు వెళ్ళి ఆ మాట అనండి చూద్దాం.

ఆ గోడ వల్ల ఎవరికి ఏమయింది

1. నీడ పోయింది. ఆ చెట్ల కింద పదిహేనుమంది దాకా ఆడవాళ్ళు కూరగాయలు, చేపలు అమ్ముకునేవారు. అద్దె లేదు, గొడుగు లేదు. ఇప్పుడు కొందరు అంగళ్ళ ముందు చారెడు జాగాకి రోజుకింతని కడుతున్నారు. మిగతావాళ్ళు పొద్దున తొమ్మిదికే బుట్ట ఎత్తేస్తున్నారు. మే నెలలో చేప ఎండలో ఎంతసేపు ఆగుతుంది? మధ్యాహ్నం బస్సు కోసం నిలబడే ముసలివాళ్ళు గోడ వేసిన జానెడు నీడలో వీపు ఆనించి నిలబడుతున్నారు. ఎదురుగా జలపాతం లేదు, జలపాతం వాళ్ళ వీపు మీద ఉంది.

2. రేవు మూసుకుపోయింది. గోడలో ఎక్కడా దారి వదల్లేదు. బట్టలుతికే కుటుంబాలు నాలుగున్నాయి, మూటలు మోసుకుని వంతెన దాటి అవతలి గట్టుకి పోతున్నాయి. కార్తీకం అయిపోయిన మర్నాడు, పోలి పాడ్యమికి, తెల్లవారుజామున ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు వదిలేది ఆ రేవులోనే. మొన్నటేడు కొంతమంది ఇంటి ముందు ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పోసి వదిలారు. మా ఆవిడా అంతే చేసింది. టబ్బులో దీపం ఎక్కడికి పోతుంది? అక్కడక్కడే తిరిగి ఆరిపోయింది.

3. వాననీరు రోడ్డు మీదే నిలుస్తోంది. ఇదివరకు వీధి నీరు గట్టు మీంచి జారి కాలువలో పడేది. గోడకి తూములు చాలినన్ని పెట్టలేదు, పెట్టినవాటిలో మట్టి పూడింది. మోకాలి లోతు నీళ్ళలో స్కూలు పిల్లలు సైకిళ్ళు నడిపించుకుపోతున్నారు.

4. కాలువ ఎవరికీ కనబడదు కాబట్టి ఎవరూ పట్టించుకోవడం లేదు. గుర్రపుడెక్క వంతెన దాకా అల్లుకుంది. మాంసం కొట్ల చెత్త గోడ మీంచి విసిరేస్తున్నారు. ఇదివరకు అలా పారేస్తే చెట్టు కింద కూర్చున్న చేపలమ్మే కేకలేసేది. ఆ నోటికి ఊరంతా భయపడేది. ఏ శానిటరీ ఇన్‌స్పెక్టరూ చేయలేని పని ఆవిడ జీతం లేకుండా చేసింది.

5. ఇది అన్నిటికన్నా చిన్నదిగా కనిపిస్తుంది, నా మటుకు ఇదే పెద్దది. ఆదివారాలు మా అరుగు మీద పదకొండుమంది పిల్లలు బొమ్మలు నేర్చుకుంటారు. మొన్న వేసవి సెలవుల్లో "మన కాలువ బొమ్మ వెయ్యండి" అన్నాను. ఏడుగురు గోడ వేశారు. గోడ కూడా కాదు, గోడ మీది బొమ్మ వేశారు. మంచుకొండ, జలపాతం, నీలం నీళ్ళు. ఆరో తరగతి పిల్ల ఒకతె జింకని చాలా బాగా వేసింది. "మన కాలువ దగ్గర జింకలెక్కడివమ్మా?" అన్నాను. "ఉన్నాయి కదా మాష్టారూ, రోజూ చూస్తాను" అంది. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. కాలువ ఒడ్డునే ఉంటుంది వాళ్ళిల్లు, ఇంటి ముందు గోడ లేచేనాటికి దానికి ఎనిమిదేళ్ళు. మిగిలిన నలుగురిలో ఒకడు మాత్రం గుర్రపుడెక్క, దాని మీద కొంగ వేశాడు. వాడిల్లు లాకుల అవతల, అక్కడ ఇంకా గోడ రాలేదు.

ఆ ఏడు బొమ్మలూ నా దగ్గరున్నాయి. ఏ అధికారి చూస్తానన్నా తెచ్చి చూపిస్తాను.

తోటి మాష్టార్లకు

ఇంతవరకూ ఆఫీసుల్ని అన్నాను. ఇప్పుడు మన సంగతి.

ఆ గోడ మీద బొమ్మలు వేసిన నలుగురిలో ఇద్దరు నా పాత విద్యార్థులు. చదరపు అడుగుకి ఇంతని కంట్రాక్టరు దగ్గర కూలికి వేశారు. ఆ డబ్బూ సగమే చేతికొచ్చిందట, అది వేరే కథ. ఓ సాయంత్రం వాళ్ళు పని చేస్తుంటే వెళ్ళి, "ఏరా, ఇదెక్కడి కొండరా?" అని గట్టిగానే అడిగాను. పెద్దవాడు బ్రష్షు కిందపెట్టి నవ్వాడు. "మీరు నేర్పిన సీనరీయే కదా మాష్టారూ."

నాకు నోట మాట రాలేదు. నిజం. మనందరం నేర్పాం. రెండు త్రికోణాల కొండలు, మధ్యలో గీతలు గీతలుగా సూర్యుడు, కొండల మధ్యనుంచి వంకరగా వచ్చే ఏరు, ఒక ఇల్లు, కొబ్బరిచెట్టు, నాలుగు "వి" అక్షరాల్లాంటి పక్షులు. పోటీ పెడితే అదే, ఇన్‌స్పెక్షన్ రోజున బోర్డు మీద అదే. డెల్టాలో పుట్టిన పిల్లవాడు పుట్టి బుద్ధెరిగాక కొండ చూసి ఉండడు. వాడికి తెలిసింది కనుచూపు మేర చదునుగా పరుచుకున్న వరిచేను, దాని అంచున తాటిచెట్ల వరస, చెరుకుతోట, చేపల చెరువు మీద గాలిమరల్లా తిరిగే ఏరేటర్లు. అవి బొమ్మకి పనికిరావని మనమే చెప్పాం, నోటితో కాదు, మార్కులతో. ఒకసారి ఒక కుర్రాడు మురుగు కాలువ మీద తాటిదుంగ వంతెన వేసి తెచ్చాడు. ఎంత చక్కటి బొమ్మో ఇప్పుడు గుర్తొస్తోంది. "నీటుగా సీనరీ వెయ్యరా" అని వెనక్కి పంపాను. ఆ కుర్రాడు ఇవాళ ఎక్కడున్నాడో తెలిస్తే క్షమాపణ అడుగుదును.

పిల్లవాడి చూపులోంచి వాడి చేనునీ చెట్టునీ మనం ముందు తుడిచేశాం. గొడ్డలి తర్వాత వచ్చింది. అందుకే చెట్లు కొట్టిన రాత్రి ఎవరూ అడ్డం పోలేదు. నేనూ పోలేదు. మర్నాడు పొద్దున వెళ్ళి మొద్దుల బొమ్మ వేసుకొచ్చాను.

మీకు రెండు పీరియడ్లే ఇస్తారని, అవీ పదో తరగతి లెక్కలకి లాగేసుకుంటారని నాకు తెలుసు. డ్రాయింగు పోస్టు ఖాళీ అయితే మళ్ళీ నింపని బళ్ళు ఎన్నో నేనే చూశాను. అయినా ఉన్న ఆ ఒక్క పీరియడ్లో పిల్లల్ని కాంపౌండు దాటించి బయట కూర్చోబెట్టండి. వేపచెట్టు ఆకుపచ్చ, మామిడి ఆకుపచ్చ, నారుమడి ఆకుపచ్చ ఒకటి కావని పిల్లవాడికి తెలిస్తే చాలు, వాడు ఆ మూడింటి తేడా జన్మలో మర్చిపోడు. నిద్రగన్నేరు సాయంత్రం ఆకులు ముడుస్తుందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. నాలుగింటికి మొదలుపెట్టిన బొమ్మ ఆరింటికి పూర్తి చేద్దామని చూస్తే చెట్టు పలచబడిపోయి ఉంది. అలా తెలిసింది.

అడుగుతున్నవి

1. నీటివైపు కొట్టేసిన పదకొండు చెట్లకి అనుమతి ఎవరిచ్చారో, కాగితంలో ఏం రాశారో రాతపూర్వకంగా చెప్పండి. నీరు, నేల, చెట్ల రక్షణ కోసం తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, బదులు మొక్కలు నాటాలి. ఇది నేను కొత్తగా పెడుతున్న షరతు కాదు. సమాచార హక్కు కింద అడిగితే ముప్పై రోజుల్లో ఇవ్వాల్సిన జవాబే ఇది. ఆ దరఖాస్తు కూడా ఈ లేఖతోపాటు ఇస్తున్నాను.

2. రేవు దగ్గర గోడ తీసి మెట్లకి దారి ఇవ్వండి. మిగతా చోట్ల కూడా గోడ పైభాగం తగ్గించి ఇనప కటకటాలు పెడితే పిల్లలు పడిపోయే భయమూ ఉండదు, నీళ్ళూ కనిపిస్తాయి. తూములు వానలకి ముందే పూడిక తీయండి.

3. నీటివైపు జాగా ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడ మొక్కలు నాటండి. ఫోటోకి నాటి వదిలేసేవి కాదు, కంచె వేసి మూడేళ్ళు నీళ్ళు పోసేవి. పోసే పని కూరగాయలమ్మే ఆడవాళ్ళకి జీతమిచ్చి అప్పగించండి. నీడ విలువ తెలిసినవాళ్ళు చెట్టుని చావనివ్వరు.

4. 2027లో గోదావరి పుష్కరాలొస్తున్నాయి. 2015లో ఎన్ని గోడలకి రంగులు వేశారో చూశాం, మళ్ళీ వేస్తారు. వేయండి, మా కుర్రాళ్ళకి పని దొరుకుతుంది. కాకపోతే ఆ ఊళ్ళో ఉన్నదే వేయించండి. ఆ ఊరి రేవు, ఆ ఊరి లంక, వాన వెలిశాక విచ్చే రెల్లుపూలు, వరదలో ఎర్రబడ్డ నీళ్ళు. రేటు కంట్రాక్టరు చేతికి కాకుండా కళాకారుడి ఖాతాకే వేయండి.

5. ఏదైనా గట్టు, చెరువు, తోట మీద పని మొదలుపెట్టే ముందు అక్కడ ఏముందో లెక్క రాసి, తెలుగులో బోర్డు పెట్టండి. ఊళ్ళోవాళ్ళు తెచ్చే పాత ఫోటోలు, తేదీ వేసిన బొమ్మలు ఆ ఫైలులో చేర్చండి. వాటికోసం శాఖా గ్రంథాలయంలో ఒక బీరువా చాలు. మొదటి సామాను నేనే ఇస్తాను, తడిసిన రెండు పుస్తకాలతో సహా.

6. విద్యాశాఖ వారు డ్రాయింగు పోస్టులు నింపండి. నెలకొక పీరియడు బడి బయట చెప్పడానికి హెడ్మాస్టర్లకి రాతపూర్వకంగా వీలివ్వండి. ఇప్పుడు ఏ మాష్టారైనా పిల్లల్ని గట్టు మీదికి తీసుకెళ్తే, ఏదైనా జరిగితే తన మెడకే చుట్టుకుంటుందని టెన్షన్ పడుతున్నాడు.

వీటిలో రెండోదీ మూడోదీ పెద్ద ఖర్చు కాదని కాలువ పనులు తెలిసిన మేస్త్రీనే అడిగి రాస్తున్నాను. గోడ మొత్తం కూల్చమని అడగడం లేదు, ఆ డబ్బూ జనానిదే.

వచ్చే సోమవారం గ్రీవెన్సుకి మళ్ళీ వస్తున్నాను. ఈసారి స్కెచ్ పుస్తకాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెస్తాను. వెంట ఆ ఆరో తరగతి పిల్ల, వాళ్ళమ్మ కూడా వస్తామన్నారు. పిల్ల తన జింక బొమ్మ తెస్తానంటోంది. మీ టేబుల్ మీద కాస్త చోటు ఉంచగలరు.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక రిటైర్డ్ డ్రాయింగు మాష్టారు